ఎండలో అడుగు పెట్టని బులాకీ కాకా

మా బులాకీదాస్ వ్యాస్ కాకా ఎండలో అడుగు పెట్టడు. ఒక్క అడుగు కూడా పెట్టడు. సిమ్లాలో ఉండేవాడైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈయన పుట్టిందీ, పెరిగిందీ, తలపాగా చుట్టడం నేర్చుకుందీ బీకానేర్‌లో. మా ఊళ్లో ఎండాకాలం వచ్చిందంటే కాకులు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి. ఎండ తప్ప ఇంకేమీ పుష్కలంగా దొరకని ఊళ్లో కూర్చుని, "నాకు ఎండ పడదురా" అంటాడు కాకా.

పోనీ ఇంట్లో పడి ఉంటాడా అంటే అదీ లేదు. రోజూ పదకొండు దాటాక ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి, బడి గంట కొట్టినట్టు వేళ తప్పకుండా ఊరి మీద పడాల్సిందే. "ఎందుకు కాకా ఈ తిరుగుడు?" అని అడిగితే, "నడిస్తే గానీ అన్నం అరగదురా" అనేవాడు. "ఇంకా తిననే లేదుగా?" అంటే, "నిన్నటిది" అనేవాడు.

నాది మా చౌక్‌లో గడియారాలు బాగుచేసే కొట్టు. కొట్టుకి ఎదురుగా పాటా ఉంటుంది. పదిమంది కాళ్లు చాపుకుని పడుకోగలిగేంత చెక్క బల్ల అది. దాని మీద రేకు పందిరి. దేవకిసన్ ఓఝా, గిర్ధర్ రంగా అని నా స్నేహితులిద్దరు పొద్దున లేస్తే దాని మీదే ఉండేవాళ్లు. దేవకిసన్‌ది నోరు పెద్దది, గిర్ధర్‌ది బొజ్జ పెద్దది. కాకా వచ్చే వేళకి నేను కూడా చేతిలో గడియారం అలాగే వదిలేసి పాటా ఎక్కేవాణ్ణి. నవ్వుకోవడానికి అంత మంచి కాలక్షేపం ఊళ్లో ఇంకోటి లేదు.

అందరికీ ఊళ్లో వీధులు ఉంటాయి. కాకాకి వీధులకి వేళలు కూడా ఉండేవి. రాంపురియా హవేలీల గల్లీ అంటే పొద్దున పదకొండున్నర వరకే. "అది జమీందారు గల్లీ. ఎర్రరాతి మేడలు, బోలెడంత నీడ. కానీ పలకరించే నాథుడు ఉండడు" అనేవాడు. ఆయన ఉండే పాపడాల గల్లీలో ప్రతి గడప లోపలా ఆడవాళ్లు అప్పడాలు ఒత్తుతుంటారు. ఈ చివర తుమ్మితే ఆ చివర నుంచి చిరంజీవ అంటారు. అక్కడ పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ. కోట్ గేటు బజారు పేరెత్తితే మాత్రం ముఖం చిట్లించేవాడు. "అంత వెడల్పు ఎందుకురా వీధికి? అది పైఊరి వాళ్ల కోసం వేసిన వీధి. దానికి దయాదాక్షిణ్యాలు లేవు."

ఇక ఆంబోతు గల్లీ ఉంది. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గడప ఎక్కాల్సినంత ఇరుకు. పైన కిటికీల గూళ్లు రెండువైపుల నుంచీ ముందుకి వచ్చి ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకోబోతుంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. ఆ సంగతి తెలిసిన ఆంబోతు ఒకటి పన్నెండు కొట్టగానే వచ్చి అడ్డంగా పడుకునేది. "దానికీ నాకూ ఒప్పందం" అనేవాడు కాకా. "పన్నెండు దాకా నాది, తర్వాత దానిది. ఇంతవరకూ ఇద్దరం మాట తప్పలేదు."

ఒకసారి జోధ్‌పుర్ నుంచి వచ్చిన పెద్దమనిషి పాటా దగ్గర ఆగి, "లక్ష్మీనాథ్ గుడికి దారెటండీ?" అని కాకానే అడిగాడు.

"ఎన్ని గంటలకి?" అన్నాడు కాకా.

"ఇప్పుడేనండీ."

"ఇప్పుడు దారి లేదు. అయిదింటికి ఉంటుంది."

"దారి లేకపోవడమేంటండీ? గుడి ఎక్కడికి పోతుంది?"

"గుడి ఎక్కడికీ పోదు. మీరే పోతారు, ఈ ఎండలో వెళ్తే. కూర్చోండి, మజ్జిగ తాగండి."

పాపం ఆ మనిషి అయిదింటి దాకా కూర్చుని మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు.

గిర్ధర్ కొడుకు పెళ్లి ఊరేగింపు ఎండ ఉండగానే కోట్ గేటు బజారు మీదుగా బయల్దేరింది. కాకా ఏడు గల్లీలు చుట్టి, సరిగ్గా జిలేబీలు వడ్డించే వేళకి విస్తరి ముందు ప్రత్యక్షమయ్యాడు. "నీడ ఇటు తీసుకొచ్చిందిరా, నా తప్పేం లేదు" అన్నాడు.

"పోనీ గొడుగు వేసుకోవచ్చుగా కాకా?" అన్నాడు దేవకిసన్ ఓసారి.

"గొడుగు నీడ బజారు తిండిరా. గోడ నీడ ఇంటి భోజనం" అన్నాడాయన, గోడకి వీపు ఆనించి జానెడు నీడలో పక్కకి పక్కకి జరుగుతూ. పొద్దు నడినెత్తికి వస్తే ఆయన నడక అదే. మా ఊరి గోడల సున్నం సగం ఆయన కోటు వీపుకే ఉండేది.

ఈ పిచ్చి పక్కింటి పిల్లకి కూడా అంటుకుంది. అప్పడాలు ఒత్తే భంవరీ కూతురు గవరా. ముసుగు కళ్ల దాకా లాక్కుని, పుస్తకాలు గుండెలకి హత్తుకుని, కాకాకి పది అడుగుల వెనక గోడ పట్టుకుని వచ్చేది. "చూశావా, శిష్యురాలు కూడా తయారైంది" అని మేం పాటా మీద పడి పడి నవ్వేవాళ్లం.

విచిత్రమేమిటంటే, తొమ్మిదేళ్ల కిందటి దాకా ఈయన మామూలుగానే ఉండేవాడు. మామూలుగా ఏమిటి, ఆఖాతీజ్ వచ్చిందంటే బనీను వేసుకుని పొద్దున్నించి పొద్దుగూకేదాకా డాబా మీదే ఉండేవాడు. ఆ పండగకి ఊరు ఊరంతా నెత్తి మాడే ఎండలో గాలిపటాలు ఎగరేస్తుంది. కాకా గాలిపటం లేచిందంటే చుట్టుపక్కల డాబాల వాళ్లు తమవి దించేసుకునేవారు. అలాంటివాడు ఒక ఏడాది ఉన్నట్టుండి, "ఎండ పడడం లేదురా" అని మాంజా చుట్టి అటక మీద పడేశాడు. పిత్తం అన్నారు కొందరు. శని అన్నారు కొందరు. "వయసు. ఓడిపోతానని భయం" అన్నాడు దేవకిసన్. కాకా విని నవ్వి ఊరుకున్నాడు.

అలా తొమ్మిదేళ్లు గడిచాక, మళ్లీ ఆఖాతీజ్ ఇంకో వారం ఉందనగా మాకు దుర్బుద్ధి పుట్టింది. మాకు అంటే నాకే. కాకాని ఒక్కసారి ఎండలో నడిపించాలి. నడిస్తే దేవకిసన్ అందరికీ కచోరీలు తినిపించాలి, నడవకపోతే నేను తినిపించాలి. అదీ పందెం.

ఒంటెబండి రమజాన్ భాయ్‌తో మాట్లాడాను. అతని బండి మీద గోధుమ పొట్టు. గోనెగుడ్డలు కుట్టి నింపేసరికి బండికి రెండింతలు ఉబ్బి ఉంటుంది. పదకొండుంబావుకి దాన్ని తెచ్చి ఆంబోతు గల్లీ మొదట్లో దూర్చాడు. సీసాకి బిరడా బిగించినట్టు బిగుసుకుపోయింది. రమజాన్ ఒంటెని విప్పుకుని, "గంట దాకా రాను. దీనికి నీళ్లు పెట్టాలి" అని వెళ్లిపోయాడు.

కాకా రానే వచ్చాడు. పాపడాల గల్లీ గోడ నీడ అయిపోయేచోట ఆగి, బండిని చూశాడు. ఇక మిగిలింది మా చౌక్, దాని తర్వాత కోట్ గేటు బజారు. రెండూ పెనంలా కాలుతున్నాయి.

"ఒరేయ్ మదన్, బండి తీయించు" అని నీడలోంచి అరిచాడు.

"ఒంటె లేదు కాకా" అన్నాను.

"ఎక్కడికెళ్లింది?"

"నీళ్లు తాగడానికి."

"ఎప్పుడొస్తుంది?"

"ఒంటె కదా కాకా, దాని ఇష్టం. రండి, రండి. నాలుగడుగులేగా! ఎండ ఏమీ కరవదు."

గిర్ధర్ బొజ్జ పట్టుకుని నవ్వుతున్నాడు. కాకా నవ్వలేదు. వెనక్కి తిరిగి చూశాడు. ఆయన వెనక పది అడుగుల దూరంలో గవరా నిలబడి ఉంది. కాకా నన్ను చేత్తో పిలిచి, దగ్గరకి వెళ్లగానే చెవి పట్టుకుని నీడలోకి లాగాడు.

"టైమెంత?"

"పదకొండున్నర. చెవి, కాకా!"

"పన్నెండుకి దీని చివరి పరీక్షరా, దరిద్రుడా. పన్నెండో తరగతి. లెక్కలు."

"అయితే వెళ్లమనండి. దాన్నెవరు ఆపారు?"

"దాని ముసుగు తీస్తే నీకు తెలుస్తుంది. పుట్టుకతోనే అంత. ఒళ్లు పాలలా ఉంటుంది, ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. అదైనా ఓర్చుకుంటుంది. ఎండ కళ్లల్లో పడితే గంటసేపు నీళ్లు కారతాయి, అక్షరం కనపడదు. ముసుగులోంచి కూడా ఆ వెలుగు పొడుస్తుంది. గంటసేపు కళ్లు కనపడకపోతే పరీక్ష ఏం రాస్తుంది, నా తలకాయా?"

గవరా నా వైపు చూసింది. ముసుగు సందులోంచి తెల్లటి కనురెప్పలు కనిపించాయి. రోజూ నా కొట్టు ముందునుంచి వెళ్లే పిల్ల. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నేను సరిగ్గా చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పరవాలేదు కాకా," అంది గవరా. "కళ్లు మూసుకుని నడుస్తాను. మీరు చెయ్యి పట్టుకోండి."

"నోర్ముయ్. నువ్వు కళ్లు మూసుకునేది రాత్రికే" అన్నాడు కాకా.

దేవకిసన్‌నీ గిర్ధర్‌నీ కేకేసి, ముగ్గురం బండి తోశాం. బండి కదల్లేదు. పొట్టు మాత్రం కదిలి మా నోళ్లలోకి వచ్చింది. ఈ పనిని అంత చక్కగా చేయించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు కాకా తలపాగా విప్పడం మొదలుపెట్టాడు. మా వైపు మగవాడు నడివీధిలో తలపాగా తీశాడంటే, పరువు తీసి నేల మీద పెట్టినట్టే. తొమ్మిది గజాల కుంకుమరంగు గుడ్డ చుట్టు మీద చుట్టు విప్పుకుంటూ వచ్చింది. దాని కింద నున్నటి గుండు. ఆ గుండుని ఊళ్లో అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు.

"రెండు మడతలు వెయ్యండి. మదన్, దేవకిసన్, మీరు ముందు చెరో కొస. గిర్ధర్, నువ్వు వెనక. చేతులు బార్లా చాపు, నీ ఒక్కడి వెడల్పూ చాలు. గవరా, కింద దూరు. తల దించుకుని నా చెప్పులు చూస్తూ నడు."

చెప్పి, ఎండలోకి నడిచాడు. మామూలుగా, పెళ్లికి వెళ్తున్నవాడిలా నడిచాడు. గుండు తళతళ మెరుస్తోంది. ఎండ ఆయన్ని ఏమీ చెయ్యలేదు.

కోట్ గేటు బజారులో జనం ఆగిపోయి చూశారు. బట్టల కొట్టు గుమాస్తా అరిచాడు, "ఏంటి కాకా, ఏ దేవుడి ఊరేగింపు?"

"నాకు ఎండ పడదని తెలీదట్రా నీకు? నీడ మోయించుకుంటున్నా!" అని కాకా అంతకంటే గట్టిగా అరిచాడు.

బజారు బజారంతా ఒకటే నవ్వు. ఆయన ఆ గుడ్డ పందిరికి రెండడుగుల ముందు, నెత్తి మీద నూలుపోగు లేకుండా, నిలువునా ఎండలో నడుస్తున్నాడు. ఒక్కడైనా గమనిస్తేనా! బులాకీ కాకాకి ఎండ పడదు, అంతే. పందిరి కింద నడిచే పిల్ల వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఆయనకి కావలసిందీ అదే.

పన్నెండుకి ఇంకా అయిదు నిమిషాలు ఉండగా బడి వరండా చేరాం. గవరా ముసుగు తీసి మా అందరి వైపూ చూసింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"కాకా, మీ గుండు టమాటాలా అయింది" అంది.

"లోపలికి పో. తీసివేతల్లో తప్పు చేశావంటే చెవులు మెలేస్తా" అన్నాడు కాకా.

బడి గోడ నీడలో కూలబడ్డాక అడిగాను. "మాకెందుకు చెప్పలేదు కాకా? ఇన్నేళ్లు?"

"చెప్తే ఏం చేసేవాళ్లు? అయ్యో పాపం అనేవాళ్లు. చిన్నప్పుడు పిల్లలు దీన్ని తెల్లబల్లీ, తెల్లబల్లీ అని తరిమేవాళ్లురా. ఎండలో నడవలేదని రాళ్లేసేవాళ్లు. ఇది బడి మానేసి గదిలో కూర్చుంది. ఊళ్లో దీనికంటే పెద్ద పిచ్చివాడు ఒకడుంటే దీన్నెవడు పట్టించుకుంటాడు? అదే చేశా. మీరు బాగానే నవ్వారు, నా పని తేలికయింది."

"మరి గాలిపటాలు?" అన్నాడు దేవకిసన్.

"ఎండ పడనివాడు డాబా ఎక్కి గాలిపటం ఎగరేస్తే ఎవరు నమ్ముతారురా?" అన్నాడు కాకా. అని ఆకాశం వైపు ఒకసారి చూసి, గబుక్కున తలపాగా చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

కచోరీలు దేవకిసన్ తినిపించాల్సింది. తినాలని ఎవరికీ అనిపించలేదు. గిర్ధర్ మాత్రం, బాధతోనే, నాలుగు తిన్నాడు.

ఆఖాతీజ్ నాడు పదింటికి మేం ముగ్గురం కాకా ఇంటి అటక మీద నుంచి మాంజా దించాం. ఆయన తిడుతూనే ఉన్నాడు. డాబా మీద అదే కుంకుమరంగు తలపాగా, అవే రెండు మడతలు, అవే కొసలు పట్టుకుని నిలబడ్డాం. దాని కింద కాకా. పక్కన మాంజా చుట్టిన చరఖా పట్టుకుని గవరా. ముసుగు లేదు.

పక్క డాబా మీంచి ఎవడో కేకేశాడు. "వ్యాస్ కాకా! గాలిపటం ఎగరెయ్యడానికి కూడా గుడారమా?"

"ఎండ పడదురా నాకు! నీ గాలిపటం జాగ్రత్త!"

తొమ్మిదేళ్లు అటక మీద పడి ఉన్న మాంజా. అయినా పావుగంటలో పచ్చది తెగింది, తర్వాత నల్లది. "బోయ్ కాట్యా! తెగిందోచ్!" అని గవరా అరిచిన అరుపు పాపడాల గల్లీ రెండు చివరలకీ వినపడి ఉంటుంది. నా నెత్తి మాడుతోంది. చేతులు పడిపోతున్నాయి. గిర్ధర్ చెమటకి డాబా తడిసింది. అయినా నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కాకా మాత్రం గాలిపటం మీద నుంచి చూపు తిప్పకుండానే నన్ను కసిరాడు.

"మదన్! తూర్పు కొస దించరా వెధవా, నీడ రెండు వేళ్లు జరిగింది. పిల్ల మోచేతి మీద ఎండ పడుతోంది."