కిటికీ బాబాయికి ప్యాంటు కావాలి

ఒక మనిషికి నడుము పైన మాత్రమే శరీరం ఉన్నదని అతని బంధువర్గం ఏకగ్రీవంగా తీర్మానించుకుని, ఏళ్ల తరబడి ఆ తీర్మానాన్ని అమలు చేసింది. ఇది అన్యాయం. ఇంతకన్నా మెత్తని మాట కోసం వెతికాను, దొరకలేదు.

ఆ మనిషి నా పినతండ్రి కుమారుడు. బస్ స్టేషన్ రిజర్వేషన్ కౌంటరులో చేరిన నాటి నుంచీ అద్దం వెనక స్టూలు మీద కూర్చుని టికెట్లు ఇచ్చాడు. ప్రయాణికుల దృష్టిలో అతను ఒక ముఖం, ఒక కాలరు, ఒక జేబు, రెండు చేతులు. అందుకే చిన్నా పెద్దా అందరూ అతన్ని 'కిటికీ బాబాయి' అంటారు.

బంధువులూ ఆ కిటికీలోంచే చూశారు. పుట్టినరోజుకు చొక్కా, ఇంట్లో శుభకార్యానికి చొక్కా, టైఫాయిడ్ నుంచి కోలుకున్నందుకు చొక్కా. చొక్కా కాస్త వదులైనా నష్టం లేదు, పైగా ఫొటోలో పడుతుంది. ప్యాంటు కొనాలంటే నడుము చుట్టుకొలత అడగాలి. ఎదిగిన మగవాడిని ఆ మాట అడగడం మర్యాద కాదని మావాళ్ల నమ్మకం. ఆ చొక్కాల రసీదులు, పెట్టెల మీది చీటీలు నా వద్ద భద్రంగా ఉన్నాయి. వాటిలో ప్యాంటుది ఒక్కటీ లేదు.

తానే కొనుక్కోవచ్చు కదా అనేవారు అతని భార్యను ఎరగరు. మా మరదలు ఆసుపత్రిలో మందుల గది చూస్తుంది. అరలో ఖాళీ కనిపిస్తేనే సరుకు తెప్పించాలన్నది అక్కడి పద్ధతి. ఇంట్లోనూ అదే నడిపింది. బీరువా తలుపు మూయాలంటే మోకాలితో నొక్కాలి. నిండిన అరకు కొత్త సరుకు ఎందుకన్నది ఆమె వాదన. నిండింది దేనితో అన్న ప్రశ్న ఆ పద్ధతిలో లేదు.

ఇంతలో కౌంటరులో యంత్రం పెట్టి, ఇతన్ని ప్లాట్‌ఫారం మీద నిలబడి ప్రయాణికులకు దారి చూపే పనికి మార్చారు. సోమవారం నుంచి చేరాలి. ఉత్తర్వు అందిన సాయంత్రం అతను నా గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నయ్యా, ఓసారి ఇటు చూడు" అని వెనక్కి తిరిగాడు.

చూశాను. ఇన్నేళ్ల స్టూలు తన పని తాను చేసుకుపోయింది. గుడ్డ అరిగి అద్దంలా మెరుస్తోంది. ఒకచోట నిలువు దారాలు మాత్రమే కాపలా కాస్తున్నాయి.

"ఇంకోటి లేదట్రా?"

"ఉంది, పెళ్లినాటిది. అది తొడుక్కుంటే ఒక్క పనే చేయగలను. మాట్లాడటమో, ఊపిరి తీసుకోవటమో."

ఆదివారం ఉదయం బీరువా మొత్తం మంచం మీదికి దించాం. మరదలితో పాటు అతనికి అక్కా, నాకు చెల్లెలూ అయిన ఆవిడ, ఆమె భర్త బావగారూ వచ్చారు. నేను పద్ధతిగా చెప్పాను: "రేపటి నుంచి ఇతను చేసే పనులేమిటి? నిలబడటం, నడవటం, వంగి సామాను అందుకోవటం. వాటికి ఏ బట్టలు కావాలి? అవి ఇందులో ఉన్నాయా? లేనివాటిలో ఏది ముందు?"

చొక్కాలు మంచాన్ని ఆక్రమించి దిండ్ల మీదికి ఎక్కాయి. ప్యాంట్ల కోసం కేటాయించిన కుర్చీ మీద పెళ్లినాటిది ఒక్కటే వేలాడింది. రెండోది అతని ఒంటి మీద ఉంది.

అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యయ్యో! నీకు ముదురు నీలం చొక్కా ఒక్కటీ లేదేంట్రా తమ్ముడూ!"

"అక్కా, కుర్చీ వైపు చూడవే."

"కుర్చీకేం, బాగానే ఉంది."

బావగారు గొంతు సవరించుకున్నారు. "నన్నడిగితే కోటు కొనాలయ్యా. హుందాగా ఉంటుంది, వెనకాల కూడా కప్పేస్తుంది."

"ఆ ఎండలో కోటేంటన్నయ్యగారూ, మనిషి ఉడికిపోడూ!" అంది మరదలు. "అసలు ప్యాంటు కొన్నా పెట్టడానికి చోటేదీ? ఏదైనా చొక్కా తీసేద్దామా అంటే, ఇది వదినగారు పెట్టిందాయె, అది మా అన్నయ్య పెట్టిందాయె."

చివరకు ప్యాంటుకే మొదటి స్థానమని అందరి చేతా ఒప్పించి, కాగితం మీద సంతకాలు చేయించాను. ఆ కాగితం కూడా ఉంది.

దుకాణంలో టేపు పట్టిన మనిషి నడుము కొలత నలుగురికీ వినపడేలా అరిచాడు. మా చెల్లెలు మొహం పక్కకు తిప్పుకుంది. దొరికిన ప్యాంటు పొడవైంది, దర్జీ సెలవు, అంచు కుట్టి ఇవ్వాలంటే బుధవారం అన్నారు.

"ఇచ్చి వెళ్దాం" అన్నాను.

"బుధవారానికైతే బుధవారమే వచ్చి కొనుక్కుందాం. ఇప్పుడే తొందరేముంది?" అన్నారు బావగారు.

"మరి ఇంతదూరం వచ్చి ఉత్త చేతులతో పోతామా!" అంది చెల్లెలు. ముదురు నీలం చొక్కాతో ఇల్లు చేరాం.

సోమవారం నేను స్వయంగా వెళ్లి చూశాను. కొత్త చొక్కాలో మావాడు ప్లాట్‌ఫారం స్తంభానికి వీపు ఆనించి, చేతులతోనే అన్ని దిక్కులూ చూపిస్తున్నాడు. మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. అప్పుడు చేతికర్రతో ఒక పెద్దావిడ వచ్చింది.

"నాకు కళ్లు సరిగ్గా ఆనవు నాయనా. ఆ చివరి బస్సు దాకా కాస్త తీసుకెళ్లవూ?"

కాదనగలడా? సంచీ అందుకుని, ఆమెకు ఎదురుగా తిరిగి, వెనక్కి అడుగులు వేస్తూ బయలుదేరాడు. "రండమ్మా, నెమ్మదిగా. ఇక్కడ మెట్టుంది, జాగ్రత్త."

"నన్నుకాదు, నిన్ను చూసుకో నాయనా! నీ వెనకాల బస్సొస్తోంది!"

మేడ మీది గదిలోంచి మేనేజరు ఇదంతా చూశాడు. దిగివచ్చి మావాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. "పెద్దవాళ్లకు వీపు చూపించకుండా నడిచారే! ఏం సంస్కారమండీ మీది!" మర్నాడే ఉత్తర్వు వచ్చింది: సిబ్బంది యావన్మందీ వృద్ధులను ఇదే విధంగా సాగనంపవలెను. నకలు నా వద్ద ఉంది. ఆ పూటే ఇద్దరు ఉద్యోగులు వీపూ వీపూ ఢీకొన్నారు. ఇంకొకాయన ఊడ్చేవాళ్ల బకెట్‌లో కూర్చున్నాడు.

"నిజం చెప్పెయ్యరా" అన్నాను.

"నిజం చెప్పాలంటే వెనక్కి తిరిగి చూపించాలి అన్నయ్యా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు నవ్వలేదు.

బుధవారం బంధువులంతా అతని ఇంట్లో చేరారు, అభినందించడానికి. పెట్టె విప్పితే పట్టుచొక్కా.

"అక్కా, ఇవాళ ప్యాంటు అన్నారు కదా..."

"దానికేం తొందరరా! ఇప్పుడు అందరూ చూస్తోంది నీ మొహమేగా!"

కాబట్టి అందరూ వినండి. మరదలా, ఆ బీరువాలో ఒక అర ఈ పూటే ఖాళీ చెయ్యి. ఎవరు పెట్టిన చొక్కా అయినా సరే, తియ్యి. చెల్లెమ్మా, బావగారూ, మీరు సంతకం చేసిన తీర్మానం ప్రకారం రెండు ప్యాంట్లు, ముదురు రంగువి, అంచులు కుట్టించి తీసుకురండి. కొలత అడగడానికి సిగ్గయితే నన్నడగండి. మేనేజరుగారూ, ఎవరైనా బస్సు కింద పడకముందే ఆ ఉత్తర్వును రద్దు చేయండి. వచ్చే సోమవారం అతను డ్యూటీకి బయలుదేరే వేళకు కొత్త ప్యాంటు అతని ఒంటి మీద ఉండి తీరాలి.