భరిణె పరిషత్తు

మొన్న మా అపార్టుమెంటులో ఆడవాళ్లకి ముగ్గుల పోటీ పెట్టారు. బహుమతి ఏం కొనాలన్న మాట వచ్చినప్పుడు, వయసులో అందరికంటే పెద్దదాన్ని కదా అని నన్నూ పిలిచి కూర్చోబెట్టారు. స్టీలు డబ్బాలని ఒకరు, గోడ గడియారమని ఒకరు అన్నాక మూడో అంతస్తు అమ్మాయి, "వెండి కుంకుమ భరిణె ఇద్దామండీ, శుభంగా ఉంటుంది" అంది. అందరూ బాగుందన్నారు. నేను మాత్రం "వద్దు" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది ఆ మాట. ఆ పిల్ల బిత్తరపోయింది. "ఎందుకాంటీ, ఖర్చెక్కువవుతుందనా?" అంటే, అవునమ్మా అని అబద్ధమాడి లేచి వచ్చేశాను. అసలు కారణం చెప్పాలంటే అరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. అక్కడేమో టీలు చల్లారిపోతున్నాయి.

మా ఊరు చిలకలూరిపేటకీ ఒంగోలుకీ మధ్య నల్లరేగడి నేలలో ఉండేది. ఇప్పటికీ ఉంది కాని, నేను చెప్పేది అప్పటి ఊరు. ఊరి చివర పత్తి జిన్నింగు మిల్లు. పత్తి, మిరప పనులన్నీ ముగిసి మిల్లు మూతపడే ఎండాకాలంలో, ఆ ఆవరణలోనే నాటక పోటీలు జరిగేవి. పత్తి బోరాలు దించే పెద్ద అరుగే రంగస్థలం. ఏడాది పొడుగునా రేకుల కప్పుకి పట్టిన దూది నటుల అరుపులకి ఊడి, రాజుగారి కిరీటం మీద మెల్లగా వాలేది. పక్కనే మిరపకాయల గోడౌను. గాలి అటునుంచి తిరిగిందంటే ఏడుపు సీనులో జనం నిజంగానే కళ్లు తుడుచుకునేవారు. పై ఊళ్ల సమాజాల వాళ్లు మాత్రం పద్యం ఎత్తుకున్న చోటే దగ్గు అందుకుని, "మీ ఊళ్లో పాడటం మావల్ల కాదండీ బాబూ" అని దండం పెట్టేవారు. మా నాన్న ఆ పోటీలు నడిపే పరిషత్తుకి కార్యదర్శి. మిరప వేసే రైతే గాని, చేతికి బొగ్గు ముక్క దొరికితే గోడ మీద నెమలో గుర్రమో గీయకుండా ఉండలేని మనిషి. మా నాయనమ్మ ఏటా తిట్టుకుంటూ ఆ గోడకి సున్నం వేయించేది.

మొదటి ఏడాది బహుమతులకి గుంటూరు వెళ్లి కప్పులు కొనుక్కొచ్చారు. షాపులో తళతళలాడాయట. తీరా వేదిక మీద కాగితం విప్పి చూస్తే, కప్పు మూత మీద నిక్కరు వేసుకున్న మనిషొకడు బంతిని కాలితో తన్నుతున్నాడు. దుర్యోధనుడి వేషం వేసినాయన దాన్ని రెండు చేతులా అందుకుని, ఆ బంతి వంకా తన గద వంకా చూసుకున్నాడు. జనం గొల్లుమన్నారు. ఆ ఏడంతా మాది బంతాట పరిషత్తు. నాన్నకి తల కొట్టేసినట్టయింది. "మనం ఇచ్చే వస్తువుని బట్టే మన పోటీ ఏపాటిదో జనం లెక్కేస్తారు. అది చూస్తే దండం పెట్టాలనిపించాలి" అని, మరుసటి ఏడు తనే కూర్చుని బొమ్మలు గీశారు. ఉత్తమ నటుడికి అరచేతిలో ఇమిడేంత వెండి కిరీటం. ఉత్తమ నటికి వెండి కుంకుమ భరిణె. దాని మూత మీద విచ్చుకున్న పత్తికాయ, చుట్టూ మిరపకాయలు వేలాడే తీగ. "మిరపకి తీగ ఎక్కడిదండీ?" అని వెండిపని ఆచారి గారు అడిగితే, "నా భరిణె మీద ఉంటుంది" అన్నారు నాన్న.

ఆ భరిణె చేసిన మేలు ఇంతా అంతా కాదు. అప్పట్లో సంసారుల ఇళ్లలోంచి నాటకాలకి ఆడవాళ్లెవరూ వచ్చేవారు కాదు. వచ్చిన ఒకరిద్దరిని లోకం చూసే చూపు వేరుగా ఉండేది. మా పరిషత్తులో మాత్రం, బహుమతి ఇచ్చే రోజున మిల్లు యజమాని భార్య, ఊరంతా పెద్దమ్మగారు అనే ఆవిడ, పట్టుచీర కట్టుకుని వేదిక ఎక్కేది. భరిణెలోంచి కుంకుమ తీసి గెలిచినావిడ నుదుట పెట్టి, ఆ తర్వాతే భరిణె చేతికిచ్చేది. పేరంటానికి వెళ్తే బొట్టు పెట్టినంత మర్యాదగా ఉండేది. అది చూసి బడి పంతులమ్మలు, వాళ్ల భర్తలు, చివరికి అత్తగార్లు కూడా మెత్తబడ్డారు. ఒంగోలు నుంచి ఒక గుమాస్తా గారు తన భార్యని తనే బస్సెక్కించి తీసుకొచ్చి వేషం వేయించాడు. బంతాట పేరు పోయి, భరిణె పరిషత్తు అన్న పేరు వచ్చింది. నాన్న విననట్టే ఉండేవారు గాని, ఆ మాట అన్నవాళ్లకి మా ఇంట్లో మజ్జిగ కాస్త చిక్కగా దొరికేది.

మా మేనత్త, అంటే నాన్నకి చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. పెళ్లయిన కొద్ది రోజులకే చేలో పాము కరిచి భర్త పోయాడు. పిల్లల్లేరు. మనిషి మాటకారి. ఎవరి నడకైనా, ఎవరి గొంతైనా ఒక్కసారి చూస్తే దించేసేది. పొయ్యి దగ్గర కూర్చుని పెద్దమ్మగారు మెట్లెక్కే తీరు చేసి చూపిస్తే, తిట్టడానికి వచ్చిన నాయనమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మా ఊరి సమాజానికి డైరెక్టరు, మిల్లులో పత్తి తూకాలు చూసే సాయిబు గారు. రిహార్సళ్లు మా వసారాలోనే. ఒక ఏడు ఆయన ఎత్తుకున్న నాటకంలో తల్లి వేషం ముఖ్యం. కొడుకు తప్పు చేశాడని తెలిసి, మొగుడికి చెప్పలేక, దాచలేక నలిగిపోయే తల్లి. ఎవర్ని చూసినా ఆయనకి నచ్చలేదు. చివరికి ఒకనాడు, "సెక్రటరీ గారూ, ఆ తల్లి మీ ఇంట్లోనే ఉందండీ. నేనే ఎర్రోడిలాగా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నా" అన్నారు. నాయనమ్మ ఇంతెత్తున లేచింది. "మొగుడు పోయిన పిల్లకి బొట్టు పెట్టి నలుగురిలో నిలబెడతారంట్రా?" అంది. నాన్న కొన్నాళ్లు ఆలోచించి, "వెయ్యనీ అమ్మా, నాటకంలో బొట్టుకి తప్పేముంది?" అన్నారు. ఆ మాట అన్నది మా నాన్నే.

నేనప్పుడు గుంటూరులో ఇంటర్మీడియెట్ చదువుతూ సెలవులకి వచ్చాను. నాటకం రోజు మిల్లు తూకం గదిలో మేకప్పు. బొట్టు పెట్టేటప్పుడు మేనత్త, "చిన్నది చాల్లే నాయనా" అంది. "ఎనకున్నోళ్లక్కూడా కనపడాలమ్మా" అని మేకప్పు మనిషి రూపాయి కాసంత పెట్టాడు. ఆవిడ అద్దం దగ్గరికి తీసుకుని ఆ బొట్టు వంకే చూసుకుంది. మాటలు గుర్తు చేసుకుంటోందనుకున్నాను. ఇక వేదిక మీద ఆవిడ ఏడవనే లేదు. కొడుకు చొక్కా మడతపెట్టడం, మళ్లీ విప్పడం, మళ్లీ మడతపెట్టడం, అంతే. అంత జనంలో చంటిపిల్లల గోల కూడా ఆగిపోయింది. ఆ రోజు గాలి మిరపకాయల వైపునుంచి లేదు, అయినా అందరూ కళ్లు తుడుచుకున్నారు. లోపలికి వచ్చాక కొబ్బరినూనె గిన్నె నాకిచ్చి మొహం ముందుకి చాపింది. "నువ్వు తుడువే అమ్మడూ. అప్పుడు కూడా ఎవరో తుడిచారు. నా చేత్తో నేను తుడుచుకోలేను" అంది. తుడిచాను. ఎంత మెత్తగా తుడిచినా ఎర్రగా మరక మిగిలింది.

ఆఖరి రోజు పొద్దున్నే సాయిబు గారు సైకిల్ని గోడకి చేరేసి పరుగున లోపలికొచ్చారు. "అమ్మా, భరిణె మీదే! జడ్జీలు ముగ్గురూ ఒకటే పేరు రాశారంట!" అన్నారు. మేనత్త పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆయన వెళ్లాక పెట్టె అడుగునుంచి నీలం అంచు వెంకటగిరి చీర తీసి, ఇస్త్రీ చేసిపెట్టమని నాకిచ్చింది. చెంబులో నిప్పులు పోసి నేను మడతలు సాపు చేస్తుంటే పక్కనే కూర్చుని, "దాన్ని రెండు చేతుల్తో పట్టుకోవాలా, ఒక చేత్తోనా?" అని అడిగింది. రెండు చేతులతోనే అన్నాను. ఖాళీ చేతులు రెండూ ముందుకు చాచి చూసుకుంది. తన కోసం ఆవిడ ఏదైనా కావాలనుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం మిల్లు ఆఫీసు గదిలో ఏం జరిగిందో చాలా ఏళ్ల తర్వాత సాయిబు గారు చెబితే తెలిసింది. జడ్జీలు పై ఊళ్లవాళ్లు, మేనత్తని వేదిక మీద నిండు బొట్టుతోనే చూశారు. కమిటీ వాళ్లకి అసలు సంగతి తెలుసు. బొట్టు పెట్టి ఇద్దామంటే పెద్దమ్మగారు ఒప్పుకోదు. పెట్టకుండా ఇస్తే జనం గుసగుసలాడతారు. ఇద్దరు ముగ్గురు, "అరిష్టమండీ" అని కూడా అన్నారట. "పొద్దున సంబరంలో ఆవిడకి చెప్పేశాను, నాకు ఈ ముక్కే తట్టలేదు. ఒక్కమాట ఆవిణ్ణే అడుగుదామండీ" అన్నారట సాయిబు గారు. నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నారట. "ఏమని అడగమంటారు? నీకు బొట్టు పెట్టం, డబ్బీ మాత్రం పట్టుకో అని చెప్పనా? అది తట్టుకోలేదండీ" అన్నారట. భరిణె ఒంగోలు గుమాస్తా గారి భార్యకి ఇచ్చి, చెల్లెలికి ప్రత్యేక బహుమతి అని వెండి గ్లాసు ఇప్పిద్దామన్నది, ముందుగా ఆవిడకేమీ చెప్పొద్దన్నది ఆయనే. ప్రేమతోనే అన్నారు. అందుకే ఎవర్ని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం ఆడవాళ్ల వరసలో ముందు కూర్చున్నాం. ఉత్తమ నటి అని మైకులో వినపడగానే మేనత్త లేచింది. పేరు ఇంకొకరిది. మేనత్త కూర్చోలేదు. నిలబడే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టడానికే లేచిందనుకున్నారంతా. అంత గొప్ప నటన నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. తర్వాత పిలిస్తే వెళ్లి గ్లాసు అందుకుంది, ఒక చేత్తో.

ఇంటికొచ్చాక రోజూలాగే నాన్నకి అన్నం పెట్టింది. మజ్జిగ పోస్తూ, "అన్నయ్యా, ఆ భరిణెలో కుంకుమే ఉండాలని ఎవరు చెప్పారు నీకు? నేనైతే వక్కపొడి పోసుకునేదాన్నిగా" అంది నవ్వుతూ. నాన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నారు. నాయనమ్మ స్తంభం చాటున కూర్చుని ముక్కు చీదుకుంది. ఆ ఇంట్లో ఆ సంగతి గురించి ఆవిడ అన్న మాట అదొక్కటే.

మరుసటి ఏడు సాయిబు గారు కొత్త నాటకం పట్టుకుని వచ్చారు. మేనత్త బియ్యంలో రాళ్లేరుతూ తల ఎత్తకుండా, "వద్దండీ సాయిబు గారూ. బాగా చేశాననుకోండి, మళ్లీ అందరికీ ఇబ్బంది" అంది. ఆయన నాటకం పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. వంటింట్లో ఆ నడకలూ గొంతులూ కూడా ఆగిపోయాయి. పెద్దమ్మగారి మెట్లు చూపించమని నేనే ఒకసారి బతిమాలితే, "మర్చిపోయానే" అంది.

నాన్న బహుమతి మార్చాలని కమిటీలో ఏటా పోరాడారు. కమిటీ ఏటా ఒకే మాట అంది. "భరిణె తీసేస్తే మన పరిషత్తుకి ఇంకేం మిగిలిందండీ? జనం వచ్చేదే దాన్ని చూసి కదా!" తను గీసిన బొమ్మతోనే ఆయన కొట్లాడి కొట్లాడి ఓడిపోయేవారు. పంతొమ్మిది వందల అరవైల్లో మిల్లు చేతులు మారి, పెద్దమ్మగారు కుటుంబంతో ఊరు వదిలి వెళ్లాక గాని ఆయన మాట నెగ్గలేదు. తెర సగం ఎత్తి ఉన్న చిన్న రంగస్థలం, వెండిది, ఆడా మగా ఎవరైనా పట్టుకోదగ్గది గీశారు. గీసిన కాగితాన్ని ఎవరికి ముందు చూపించాలనుకున్నారో నాకు తెలుసు. కాని మేనత్త అంతకు ముందు ఎండాకాలమే కామెర్లతో పోయింది.

దాన్ని మొదటిసారి అందుకున్నది కనిగిరి నుంచి వచ్చిన ఒక మంత్రసాని. ఆవిడకీ భర్త లేడు. బోసి నుదురుతో వేదిక ఎక్కితే ఎవరూ గుసగుసలాడలేదు, అరిష్టం అనలేదు, పైగా చప్పట్లు ఆగలేదు. బహుమతి నాన్నే ఇచ్చారు. "నా అదృష్టమండీ" అని ఆవిడ దండం పెడితే, ఆయన మైకు వదిలేసి తిరిగి ఆవిడకే దండం పెట్టారు. కాలం మారుతుందని అందరూ అంటారు. మారింది, కాదనను, నా కళ్లతోనే చూశాను. మా మేనత్తకి మాత్రం ఒక్క ఏడాది ఆలస్యంగా మారింది.