పొక్కు కింద మీట

నా చిన్నప్పుడు మా ఇంట్లో టీవీతో మాట్లాడే మనిషి ఒకే ఒకరు, మా అవ్వ. మాట్లాడటమంటే నిజానికి తిట్టడమే. రోజూ సాయంత్రం ఆరున్నరకు పంటల కార్యక్రమం వచ్చేది. అందులో కళ్లద్దాల సారు ఒకాయన మామిడి పూతకు ఏ మందు కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో చెప్పేవాడు. బంగారుపాళ్యం దగ్గర మా తోటలో ఒక బతుకంతా పూతనూ పిందెనూ చూసిన అవ్వకు ఆయన చెప్పేది ఒక్కటీ నచ్చేది కాదు. "ఎప్పుడన్నా చెట్టు కింద నిలబడినావా అబ్బా నువ్వు? పూతలోంచి తేనెమంచు ఒంటిమీద పడి జిగట పట్టిందా నీకు?" అని గట్టిగా అడిగేది. ఆయన పట్టించుకోకుండా ఇంకో రైతు ఉత్తరం తీసి చదివేవాడు. దాంతో ఆమెకు ఇంకా కోపం వచ్చేది. అయినా ఒక్కరోజు కూడా చూడకుండా ఉండేది కాదు.

చూడటం అని అలవాటుగా అంటున్నాను. అవ్వకు అప్పటికే రెండు కళ్లకూ పొర కమ్మింది. ఎదురుగా మనిషి ఉన్నారని తెలిసేది, మొహం తెలిసేది కాదు. తోటలో కాయ దిగి డబ్బు చేతికొచ్చాక ఆపరేషన్ చేయిద్దామని మా నాయన అంటూ ఉండేవాడు. ఆమెకు చదువు రాదు, అంకెలు కూడా రావు. అయినా ఆరున్నరకు తనే వచ్చి చాప మీద కూర్చుని, రిమోటు అందుకుని, ఎవరినీ పిలవకుండా ఆ సారును పట్టుకునేది. ఎలా పట్టుకుంటుందో నేను అడగలేదు. నాకప్పుడు పదేళ్లు. రైలు పట్టాల కింద కంకర ఎందుకో, బల్లికి తోక మళ్లీ ఎలా మొలుస్తుందో అడిగి అందరి ప్రాణం తీసేదాన్ని. కళ్లెదుట రోజూ జరిగే ఈ వింత మాత్రం నాకు వింతగా తోచలేదు.

మా మిద్దె మీద డిష్ ఉండేది. ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా డబ్బు కట్టే పనిలేని రకం. ఒక సాయంత్రం అవ్వ రిమోటు నొక్కితే సారు రాలేదు. తెర నల్లగా ఉంది. ఇంకో మూడు నాలుగు చానళ్లు కూడా అలాగే ఉన్నాయి, మిగతావి చక్కగా వస్తున్నాయి. నాయన ఒకసారి చూసి, "డిష్షు గాలికి తిరిగిపోయిండాది" అని తేల్చి మిద్దె ఎక్కాడు.

దీని వెనక ఒక పాత అలవాటు ఉంది. మా వైపు కర్ర మీద యాంటెన్నా ఉన్న రోజుల్లో బొమ్మ మసకబారితే దాన్ని మద్రాసు పక్కకు రవ్వంత తిప్పేవాళ్లు. బొమ్మ తేటపడేది, తమిళమైనా సరే చూసేవాళ్లం. మా నాయన ఆ విద్యలో ఆరితేరినవాడు. అదే చేత్తో డిష్‌ను కూడా మద్రాసు వైపు తిప్పాడు. డిష్ తిరిగిపోయి ఉంటే అన్నీ పోవాలి కదా, కొన్నే ఎందుకు పోయాయని నేను మెట్ల దగ్గర నుంచి అడిగాను. "నువ్వు వచ్చిందా లేదా అంత మాత్రం చెప్పు పాపా" అన్నాడు. రాలేదు. పైగా ఉన్నవి కూడా పోయాయి. నాయన చెమట తుడుచుకుంటూ దిగివచ్చి, తప్పంతా టీవీదే అన్నట్టు దానివైపు చూశాడు.

పక్కింటి అక్క అప్పటికి చిత్తూరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి ఉద్యోగం కోసం చూస్తోంది. వీధిలో వాళ్లకు ఆమె చదువు దరఖాస్తులు నింపడానికి మాత్రమే గుర్తొచ్చేది. మర్నాడు నాయనే మొహమాటపడుతూ వెళ్లి పిలుచుకొచ్చాడు. ఆమె ముందు మిద్దె ఎక్కింది. డిష్‌ను ముట్టుకోలేదు, అది నిలబడిన గొట్టం దగ్గర వంగి చూసింది. గొట్టం చుట్టూ తుప్పు పట్టింది, ఒకచోట మాత్రం వేలెడు వెడల్పున రంగు కొత్తగా మెరుస్తోంది. బిగింపు పట్టీ అన్నాళ్లూ అక్కడ కప్పి ఉంచిందట. పట్టీని జరిపి ఆ మెరిసే చోటును మళ్లీ కప్పేసింది. అంతే, నాయన తిప్పాక పోయిన చానళ్లు కింద పలకడం మొదలుపెట్టాయి. నాకు ఒళ్లు పులకరించింది. వస్తువు తన పాత చోటును గుర్తుపెట్టుకుంటుందని నాకు అంతకుముందు తెలియదు.

"మరి అవ్వ సారు?" అని అడిగాను.

"ఆయన యాడికీ పోలేదు పాపా. చానళ్లు వచ్చే దారులు మార్చినారు. బస్టాపు అవతలికి జరిపినాక మనం పాత చోటనే నిలబడుకోనుంటే బస్సు వస్తాదా? మళ్లా వెతుక్కోవల్ల" అని అక్క బాక్సులో వెతుకులాట మొదలుపెట్టింది. తెర మీద ఒక పచ్చ గీత మెల్లగా నిండుతూ, ఒక్కో చానల్ పేరూ వరుసలో వచ్చి చేరుతోంది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. చివరికి సారు చానల్ ఇరవై మూడో నంబరులో దొరికింది. అక్క వాళ్లమ్మ పిలిస్తే వెళ్లిపోయింది. అవ్వకు చూపించే పని నా మీద పడింది.

నేను గొప్పగా చూపించాను. రెండు, తర్వాత మూడు. అవ్వ తల ఊపింది. మర్నాడు ఆరున్నరకు ఆమె నొక్కితే ఎవరో హిందీలో పెనాలు అమ్ముతున్నారు. మళ్లీ చెప్పాను. మళ్లీ పెనాలే వచ్చాయి. నాకు విసుగొచ్చి, "ఎన్నిసార్లు చెప్పాల అవ్వా? రెండు, మూడు. అంతేగదా!" అన్నాను. అవ్వ రిమోటును కిటికీ గూట్లో పెట్టి, "నాకెందుకులే పాపా, నువ్వు బొమ్మలు చూసుకో" అంది. నేను నిజంగానే బొమ్మలు చూసుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాత రెండు రోజులు అవ్వ ఆరున్నరకు పెరట్లోనే కూర్చుంది. మూడోరోజు ఆ వేళకే అక్క జల్లెడ తిరిగి ఇవ్వడానికి వచ్చి, ఇంట్లో గోడకానుకుని ఊరికే కూర్చున్న అవ్వను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమవ్వా, ఆ సారుని తిట్టడం మానేసినావా? గోడ అవతల నాకు పొద్దే పోవడంలేదు."

"ఆయప్ప యాడ ఉండాడో, నాకేం కనపడతాది?" అంది అవ్వ.

నేను ఇరవై మూడు అనబోయాను. అక్క చెయ్యెత్తి నన్ను ఆపి, అవ్వ పక్కన చతికిలబడి మెల్లగా అడిగింది. "ఇప్పుడు కాదు అవ్వా. ముందు నీకు యాడ ఉండేవాడు?"

"పొక్కు కింద" అంది అవ్వ.

ఏ పొక్కు? నాకు అర్థం కాలేదు. అక్క నవ్వి, తన చున్నీతో నా కళ్లకు గంతలు కట్టి, రిమోటు చేతిలో పెట్టింది. "నువ్వు చదువుకున్నదానివి గదా, నీ బొమ్మల చానలు పెట్టు సూద్దాం." తడిమాను. మీటలన్నీ ఒకేలా ఉన్నాయి. తోచింది నొక్కితే టీవీ నోరు మూతపడింది. ఇంకోటి నొక్కితే ఏకంగా ఆగిపోయింది. అవ్వ నవ్వుతోంది. అక్క నా బొటనవేలు పట్టుకుని మీటల మధ్యకు తీసుకెళ్లింది. అక్కడ, నడిమధ్య అయిదో అంకె మీట మీద, ఆవగింజంత బొడిపె. ఎన్ని వందలసార్లు పట్టుకున్నానో ఆ రిమోటును! కళ్లున్నంతసేపూ అది నాకు దొరకలేదు. దాని కింది మీట ఎనిమిది. అవ్వ లోకంలో ఆ సారు ఎప్పుడూ అక్కడే ఉండేవాడు.

గంతలు విప్పేసరికి నా కళ్లు తడిగా ఉన్నాయి. ఎనిమిదో నంబరులోని పెనాలవాళ్లను అక్క ఎక్కడికో నెట్టేసి, ఇరవై మూడును అక్కడికి జరిపింది. చానళ్లను అలా జరపవచ్చని కూడా నాకు ఆరోజే తెలిసింది. రిమోటు అవ్వ చేతికి ఇచ్చింది. ఆమె బొటనవేలు పొక్కును చేరి, ఒక మీట కిందికి దిగి, నొక్కింది.

సారు మందు గురించి చెబుతూ దొరికిపోయాడు. అవ్వ ఒక్క క్షణం విన్నది. "ఇన్ని దినాలు యాడికి పోయినావబ్బా? ఈలోగా ఎవురి పూత మాడ్చినావు?" అంది. గుమ్మం దగ్గర నాయన మొహం కనబడకుండా తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

ఇప్పుడు ఆ నాయనకే కళ్లు ఆనడం లేదు, చక్కెర జబ్బు. నాతోనే ఉంటాడు. మొన్న మా ఇంట్లో కొత్త బాక్సు పెట్టారు. రిమోటు నున్నగా, సబ్బుబిళ్లలా ఉంది. వార్తల చానల్ ఎలా పెట్టాలో మా అమ్మాయి వాళ్ల తాతకు రెండుసార్లు చూపించింది. మూడోసారి వంటింట్లో ఉన్న నాకు దాని గొంతు వినిపించింది. "ఇది నొక్కి, తర్వాత ఇది. అంతేగదా తాతా!" నాయన రిమోటును కిటికీలో పెట్టిన చప్పుడు వినబడింది.

స్టవ్ ఆర్పి వచ్చాను. అమ్మాయిని ఏమీ అనలేదు, అనే హక్కు నాకు లేదు. చున్నీ తీసి దాని కళ్లకు కట్టి, రిమోటు చేతిలో పెట్టాను. అది తడుముకుంటూ ఉండగా నాయన పక్కన కూర్చుని, అక్క అడిగిన మాటే అడిగాను. ముందు నీకు యాడ ఉండేది నాయనా? పాత రిమోటులో ఆ మీట ఉండే చోటును ఆయన బొటనవేలితో గాలిలో చూపించాడు. ఆయన వార్తల చానల్‌ను ఆ చోట ఉన్న ఒక్క మీటకు కుదిర్చాను. కానీ ఈ రిమోటు మీద బొడిపె లేదు. అటూ ఇటూ చూసి, అద్దం మీద అతికించి ఉన్న స్టిక్కరు బొట్టు ఒకటి ఒలిచి ఆ మీట మీద అంటించాను.

నాయన తడిమాడు. వేలు ఆగింది.

"పొక్కు" అన్నాడు.