వాపస్ తిప్పిన కోళ్ళు

నా చిన్నప్పుడు ఒక వానాకాలంలో రెండు నెలలు నేను మా ఇంట్లో లేను. మాది రావల్కోల్. అమ్మకు జబ్బు చేసి పట్నంలో పెద్ద దవాఖానలో చేర్చితే, మా నాయిన నన్ను సైకిల్ మీద ఎక్కించుకొచ్చి అలియాబాద్‌లో పెద్దమ్మ దగ్గర వదిలిపెట్టాడు. పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఆ ఇంట్లో పొద్దస్తమానం వినిపించే గొంతు ఆమెది ఒక్కటే. అది కూడా మనుషులతో కాదు, పొయ్యితోనో చీపురుతోనో ఏదో ఒకటి అంటూ ఉండేది. నాకప్పుడు ఏడేళ్ళు.

వచ్చిన రోజే ఒక వింత జరిగింది. నాయిన సైకిల్ మలుపు తిరగ్గానే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకొని పెరట్లోకి తీసుకుపోయి, రోలు చుట్టూ మూడుసార్లు తిప్పింది. అమ్మకు నయం కావాలని మొక్కు కాబోలు అనుకొని, నేను కళ్ళు మూసుకొని దండం కూడా పెట్టుకున్నాను.

అక్కడ నాకు ఏ లోటూ లేదు. వేళకు తిండి పెట్టేది, తల దువ్వేది. అమ్మ ఎలా ఉందో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. అడిగితే పెద్దమ్మ "మంచిగనే ఉన్నదట" అని పనిలో పడిపోయేది. ఇంటికి పోవాలి, అమ్మను చూడాలి, ఇదొక్కటే నా గోల. రోజూ సాయంత్రం కరీంనగర్ రోడ్డు దాకా నడిచిపోయి, వచ్చే ప్రతి సైకిల్‌నూ నాయినదే అనుకొని చూసి, తిరిగొచ్చేదాన్ని. వాడకట్టు పిల్లలు ఆటకు పిలిస్తే పోలేదు. మొండిదాన్ని, ఇప్పటికీ అంతే.

నా వాలకం చూసే కావచ్చు, పెద్దమ్మ ఒకనాడు కోళ్ళను సాకుదామంది. రెండు రోజులు కష్టపడి ఇద్దరం వాటికి ఇల్లు కట్టాం. పెరటి గోడకు ఆనించి ఆమె మట్టి ఇటుకలు పేర్చి పైన బండ పరిచింది, నేను మట్టి తొక్కాను. గాలాడడానికి నా రెండు వేళ్ళు పట్టేంత కంతలే వదిలింది, పెద్దవైతే ముంగిస దూరుతుందట. కింద ఊక పోసి, పేన్లు పట్టకుండా పొయ్యిలో బూడిద చల్లి, అడ్డంగా ఒక వేపకొమ్మ పెట్టింది. కాళ్ళ కింద కొమ్మ ఉంటే తప్ప కోడికి నిద్ర పట్టదట. మూకుడులో నీళ్ళు పోసి, అది బోర్లా పడకుండా మధ్యలో రాయి పెట్టే పని నాది. నిజం చెప్పొద్దూ, ఆ రెండు రోజులు నేను రోడ్డు మీదికి పోవడమే మరిచిపోయాను.

మూడో రోజు అంగడి నుంచి గంపలో ఎనిమిది పిల్లకోళ్ళు వచ్చాయి. అప్పుడప్పుడే తల్లిని విడిచినవి, ఒకదాని రెక్క కింద ఒకటి తల దూర్చి వణుకుతున్నాయి. పెద్దమ్మ ఒక్కొక్కదాన్నే చంకన పెట్టుకొని రోలు చుట్టూ మూడుసార్లు తిప్పి గూట్లోకి వదిలింది. ఎందుకని అడిగాను.

"కొత్త తావు గదా బిడ్డా. గిట్ల తిప్పితె ఎనకటి ఇల్లు యాది మరుస్తయి. ఇగ ఇక్కడనే మరుగుతయి."

నన్ను తిప్పింది కూడా అందుకేనన్నమాట. అప్పటికి కొన్నాళ్ళుగా నాలో నేనే భయపడుతున్నాను. కళ్ళు మూసుకుంటే అమ్మ కట్టుకున్న చీర గుర్తొచ్చేది గానీ, మొహం వచ్చేది కాదు. ఎందుకు రావడం లేదో ఇప్పుడు తెలిసింది. పెద్దమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది.

మర్నాడు ఆమె కలుపు తీయడానికి పోగానే నేను రోలు దగ్గరికి పోయి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ మూడుసార్లు తిరిగాను. తర్వాత కోళ్ళు గుర్తొచ్చాయి. పాపం, వాటికి మాత్రం తల్లులు లేవా? గూడు తలుపు తీసి ఒక్కొక్కదాన్నీ చంకన పెట్టుకొని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను. తిప్పినదాన్ని తిప్పినట్టు వదిలేశాను. రెండు గోడెక్కాయి, ఒకటి పక్కింటి దొడ్లోకి దూకింది. నాలుగోదానితో వెనక్కి నడుస్తూ నడుస్తూ, మరిచిపోయిన కొడవలి కోసం తిరిగొచ్చిన పెద్దమ్మకే తగిలాను.

"ఏం జేస్తున్నవే?"

"వాపస్ తిప్పుతున్న. నేను గూడ తిరిగిన. నాకు అమ్మ మొఖం యాదికొస్తలేదు."

ఆమె కొడుతుందనుకున్నాను. ఆమె కొడవలి పక్కన పెట్టి రోలు మీద కూలబడింది.

"నాదే తప్పు బిడ్డా. ఇంట్ల ఇంకో మనిషి సప్పుడుంటె మంచిగ అనిపిచ్చింది. ఉత్తగనే ఆశపడ్డ" అంది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కొని, కొంగుతో తన మొహం తుడుచుకొని, గడ్డం కాస్త పైకెత్తింది. "గిటు జూడు. గీ నొసలు, గీ ముక్కు మీ అమ్మయే. గదవకాడ జర తేడ, అంతే."

చూశాను. నొసలు అమ్మదే. ముక్కు అమ్మదే. తేడా ఉన్నచోట, ఆ గడ్డాన్ని నేనే దిద్దుకునేసరికి అమ్మ మొహం మొత్తం వచ్చేసింది. ఆమె మెడ పట్టుకొని ఏడ్చాను. నెలకు పైగా ఆ ఇంట్లో ఉండి, అమ్మ కోసం రోడ్డంతా చూశాను గానీ, అన్నం పెట్టే మనిషి మొహం ఒక్కసారీ తేరిపార చూడలేదు. ఆమె ఒంటరిదని కూడా నాకు తట్టలేదు.

మరో నెల తిరక్కుండానే నాయిన వచ్చాడు. అమ్మ ఇంటికొచ్చిందట, నన్ను తీసుకురమ్మందట. నేను ఎగిరి సైకిలెక్కి "పోతున్న పెద్దమ్మా" అని అరిచాను. మా దిక్కు పిల్లలు అలా అంటే ఎవరైనా అక్కడికక్కడే దిద్దుతారు, పోయొస్త అనాలె అని. పెద్దమ్మ దిద్దలేదు. "మంచిది బిడ్డా, పైలం" అంది. శామీర్‌పేట దాటాక గానీ నాకా సంగతి తట్టలేదు. వెనక్కి పోదామని నాయినతో అనలేదు, అమ్మను చూడాలన్న తొందర. మళ్ళీ రమ్మనడం కూడా పట్టి ఉంచడమే అనుకుందేమో ఆ పిచ్చితల్లి.

తర్వాత ఎన్నో సెలవులకు పోయాను, ఆఖరి రోజుల్లో ఆమె మంచం పక్కనే ఉన్నాను. అయినా ఆ పొద్దు ఆమె గుమ్మంలో ఒక్కతే నిలబడి విన్న మాట విన్నదే. ఇప్పుడు నా మనవలు నవ్వుతుంటారు, అవ్వ ఎవరింటి నుంచీ ఒక పట్టాన కదలదని. పోయొస్త అంటాను. అని, అక్కడే నిలబడతాను. ఆ మాట విన్నారో లేదో వాళ్ళ మొహం చూసుకున్నాకే గడప దాటుతాను.