బెల్లం కోసం తెచ్చిన సమ్మతి పత్రం

కరోనా రెండో విడత తగ్గిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో, విడపనకల్లు మండలంలోని ఒక గ్రామీణ పశువైద్యశాలలో చేరాను. అది నా చివరి పోస్టింగు. హోదా సహాయ పశువైద్యుడు. ఆ మాట కాగితాల్లోనే, జనానికి నేను గొర్రెల డాక్టరును. పనీ అలాగే ఉండేది. తొలకరి పడి పచ్చిగడ్డి మొలిచిందంటే గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున మేతకు పోయిన జీవం మధ్యాహ్నానికి పడిపోతుంది. అందుకే జూన్ నెలంతా టీకా సీసాలు ఐసు పెట్టెలో పెట్టుకుని దొడ్డి దొడ్డికీ తిరగడమే మా ఉద్యోగం. నాకు తోడు అటెండరు మాబూ ఒక్కడే. యాభై దాటిన మనిషి. చెయ్యి చాలా తేలిక, నోటికి మాత్రం అదుపు లేదు.

ఆ నెలలోనే లక్ష్మక్క అనే ఆమె గంపలో ఒక పిల్లిని పెట్టుకుని వచ్చింది. గొర్రెలున్న ఇల్లు వాళ్లది. భర్త మందను మేపుకు కర్ణాటక వైపు తోలుకుపోయి ఇంకా తిరిగి రాలేదు. ఇంట్లో ఒక గదినిండా విత్తనపు వేరుశెనక్కాయల మూటలు. సొంతవి కొన్ని, పక్కింటి గంగన్నవి కొన్ని. వాన పడేదాకా ఆ కాయలను ఎలుకల నుంచి కాపాడేది నాలుగు పిల్లులు: ఒక తల్లి పిల్లి, దాని పెద్ద కొడుకు, తర్వాతి ఈతలో పుట్టిన రెండు కుర్ర పిల్లులు. గంపలో ఉన్నది ఆ పెద్ద కొడుకు. వయసు రెండేళ్లు, రంగు బెల్లం రంగు, పేరు బెల్లం.

"సంకటి తినే పిల్లికి డాక్టరు చీటీ యాలక్కా?" అన్నాడు మాబూ.

"నువ్వూ సంకటే తింటావు కదప్పా. నీకు జరమొస్తే చీటీ లేకుండానే పోతాదా?" అంది లక్ష్మక్క. మాబూ నవ్వి పిల్లిని బల్ల మీద పెట్టాడు.

జ్వరం ఉంది. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, అక్కడక్కడా పుండ్లు. దవడ కింద గడ్డలు చేతికి తగిలాయి. పిడుదుల వల్ల వచ్చే రక్తజ్వరం అనుకుని వారం రోజులు దానికి మందు ఇచ్చాను. జ్వరం తగ్గి మళ్లీ వచ్చింది. పిల్లి సగమైంది. అప్పుడు రక్తం తీసి, బళ్లారిలో పెంపుడు జంతువుల క్లినిక్ నడుపుతున్న నా సహాధ్యాయికి బస్సులో పంపాను. ఆయన రక్తకణాల లెక్క చూసి, ఒక పరీక్ష కిట్టును తిరుగు బస్సులో పంపాడు. గర్భనిర్ధారణ పట్టీ లాంటిదే అది. ఒక చుక్క రక్తం వేస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది. గీత పడింది. ఫెలైన్ ల్యుకేమియా.

పేరు రక్తపు క్యాన్సరుదే అయినా మూలం ఒక వైరస్. లాలాజలం ద్వారా పిల్లి నుంచి పిల్లికి పోతుంది. ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కరుచుకోవడం చాలు. మనుషులకు, కుక్కలకు, గొర్రెలకు రాదు. ఒంట్లో పాతుకుంటే దాన్ని పోగొట్టే మందు లేదు. రక్తం పుట్టడం తగ్గి, ఏ చిన్న జబ్బునూ ఎదుర్కోలేని స్థితి వస్తుంది. టీకా కోసం వాకబు చేశాను, మాకు అందే దారి కనిపించలేదు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా మందలనే చూసినవాణ్ణి. మంద వైద్యంలో మొదటి ప్రశ్న ఈ ఒక్కదాన్ని ఎలా బతికించాలని కాదు, మిగతావాటిని ఎలా కాపాడాలని. ఆ అలవాటు ప్రకారమే కేస్ షీటులో "నయం కాదు, మిగిలిన మూడింటికి ప్రమాదం, దయామరణం మేలు" అని రాశాను. నొప్పి తెలియకుండా ప్రాణం తీసే ఇంజెక్షనుకు యజమాని రాతపూర్వక సమ్మతి కావాలి. ఆ పత్రం పూర్తి చేసి, టీకాల పని ముగించుకుని వస్తూ, మాబూతో కలిసి లక్ష్మక్క ఇంటికి వెళ్లాను. వేలిముద్ర కోసం ఇంకు ప్యాడు కూడా తీసుకెళ్లాను.

ఆమె పత్రం తీసుకుని, నాకు ఆశ్చర్యం కలిగేటట్టు, మొదటి నుంచి చివరిదాకా తనే చదివింది.

"మిగిలిన మూడింటి కోసరం దీన్ని తీసేయల్ల. అంతే కదా సారూ?"

అంతేనన్నాను.

"ఆ మూడింటికీ లేదని చూసినావా?"

నేను చూడలేదు.

"మందలో ఒక గొర్రె దగ్గితే మా ఇంటాయన మందంతా చూస్తాడు. ఒక్కో గొర్రె నోరు తెరిచి చూస్తాడు. నువ్వు చదువుకున్నోడివి కదా," అని పత్రాన్ని మడిచి నా చేతిలో పెట్టింది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

మరో మూడు కిట్లు తెప్పించాను. కుర్ర పిల్లులు రెండింటికీ గీత పడలేదు. తల్లి పిల్లికి పడింది. అది నిగనిగలాడుతూ ఉంది, ఆ పొద్దున్నే రెండు ఎలుకలను పట్టింది. చీడను ఇంట్లో నుంచి తీసేస్తున్నానని నేను రాసిన పత్రం వల్ల బెల్లం ఒక్కటే పోయేది, చీడ విత్తనపు గదిలోనే ఉండేది. పోనీ నా లెక్కను చివరిదాకా పాటిస్తే, ఆ విత్తనానికి అసలు కాపలాదారైన తల్లిని కూడా చంపాలి.

"ఇప్పుడు రెండు కాగితాలు తెచ్చినావా సారూ?" అని అడిగింది లక్ష్మక్క.

నేను తలవంచుకుని కిట్లు సర్దుకున్నాను.  

మాది కూలి చేసుకుని బతికిన కుటుంబం. నాయన చదువుకోలేదు గానీ, బైబిలు వాక్యం చదివించుకుని వినని రోజు ఆయనకు లేదు. ఆ చదివే పని చిన్నప్పటి నుంచీ నాది. తర్వాత మా చర్చిలో సంఘ పెద్దనయ్యాక ఆదివారం లేఖన పఠనం కూడా నాకే వచ్చింది. ఆ వారం వంతుగా వచ్చిన భాగం ధర్మశాస్త్రంలో కుష్ఠు మచ్చలను గురించినది. జనం ఆవలించే భాగం అది. నేనూ ఎన్నోసార్లు గబగబా చదివేసినవాణ్ణే. ఆ ఆదివారం మాత్రం గొంతు దానంతటదే నెమ్మదించింది. మచ్చ సందేహంగా ఉంటే యాజకుడు మొదటిసారి చూసి తీర్పు చెప్పడు. ఆ మనిషిని ఏడు రోజులు కడగా, అంటే అందరికీ వేరుగా, ఉంచుతాడు. ఏడో రోజున మళ్లీ చూస్తాడు. ఇంకా తేలకపోతే మరో ఏడు రోజులు ఉంచి, మళ్లీ చూస్తాడు. దేవుడు తన ప్రజలకు నేర్పిన పరీక్షా విధానం అది. అంతకాలం దానిని ప్రసంగాలకే దాచి, ఉద్యోగానికి పట్టుకెళ్లని మనిషిని నేను.

మరునాడు బళ్లారికి ఫోను చేశాను. సహాధ్యాయి అదే చెప్పాడు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి గీత పడితే దానితో తీర్మానం చేయకూడదు. కొన్ని పిల్లుల ఒళ్లు కొద్ది వారాల్లోనే వైరస్‌ను అణచివేస్తుంది. వేరుగా ఉంచి, నెల తర్వాత ఒకసారి, మూడు నెలలకు మళ్లీ చూడాలి. కిట్టు పెట్టెలోని కాగితంలో కూడా ఆ మాట ఉందని, చదవలేదా అని అడిగాడు. చదవలేదని ఒప్పుకున్నాను.

వేరుగా ఉంచడం అనేసరికి అసలు చిక్కు వచ్చింది. తల్లిని విత్తనపు గది నుంచి తీసేస్తే కాయలు ఎలుకల పాలవుతాయి. వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. విత్తనం పోతే రెండు ఇళ్లకూ ఆ ఏడాది పంట లేనట్టే. నేను ఆలోచిస్తూ నిలబడితే లక్ష్మక్కే అడిగింది.

"ఈ జబ్బు కాయలకు తగలదు కదా?"

తగలదన్నాను.

"అయితే తల్లిని లోపలే పెట్టి తలుపేస్తా. ఆ సోమరులిద్దరూ పెరట్లో పడుకోనీ. బెల్లం పంచలో ఉంటాది."

మూడు చోట్లు, మూడు గిన్నెలు. పంచలో ఎండ పడే మూల, గొర్రెపిల్లలను మూసిపెట్టే పెద్ద గంప కింద బెల్లాన్ని ఉంచింది. నేను అన్ని పుస్తకాలు చదివి చేయలేని ఏర్పాటును ఆమె ఒక్క నిమిషంలో చేసింది. కడగా ఉంచిన చోటే తల్లి పిల్లికి డ్యూటీ కూడా అయింది.

గంగన్న మాత్రం ఊరుకోలేదు. ఆసుపత్రి గడపలో నిలబడి గట్టిగా అన్నాడు: "ఏమప్పా డాక్టరూ, రోగం పిల్లిని నా కాయల మింద పండబెట్టినారంట! ఆ విత్తనం నేను యాడ ఎయ్యల్ల?"

వైరస్ బయట ఎక్కువసేపు బతకదని, కాయకూ నేలకూ గొర్రెకూ దానితో పనిలేదని చెప్పాను. నమ్మలేదు. మాబూ కల్పించుకుని, "ఆ పిల్లిని తీసేసి నువ్వే లోపల పండుకో అన్నా, ఎలకలు నిన్ను చూసి దడుచుకుంటాయి" అన్నాడు. గంగన్న అతన్ని తిట్టి, నవ్వు ఆపుకోలేక వెళ్లిపోయాడు. మూటలు మాత్రం తీసుకుపోలేదు.

బెల్లానికి చేసినదంతా ఊతమిచ్చే వైద్యమే. చిగుళ్ల పుండ్లకు మందు, విటమిను సూది, నీరు తగ్గినప్పుడు మెడ వెనక చర్మం కింద సెలైను. పచ్చి మాంసం వద్దన్నాను, దానిలోని క్రిములను తట్టుకునే శక్తి దానికి లేదు. ఉడికించిన కోడి కాలేయం మెదిపి గోరువెచ్చగా పెట్టమన్నాను. వెచ్చగా ఉంటే వాసన వస్తుంది, వాసన వస్తే ఆకలి లేని పిల్లి కూడా మూతి పెడుతుంది. సెలైను ఎక్కించడం లక్ష్మక్కకు రెండు సార్లు చూపించాను. మూడోసారి ఆమే చేసింది. బలహీనమైన గొర్రెపిల్లలను ఒళ్లో పెట్టుకుని మందు తాగించిన చెయ్యి. పిల్లి కదలను కూడా కదలలేదు.

ఆ నెలలోనే ఒక ఆదివారం ప్రార్థన మనవుల సమయంలో నేను లేచి, ఒక జబ్బు పిల్లి కోసం ప్రార్థించమని అడిగాను. స్త్రీల వైపు నుంచి చిన్న నవ్వు వినిపించింది. పాస్టరు గారు కళ్లజోడు సవరించుకుని దాని పేరు అడిగారు. బెల్లం అన్నాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేకుండా, జ్వరంతో ఉన్న ఒక పెద్దాయన పేరుకూ, పరీక్ష రాయబోయే ఒక అమ్మాయి పేరుకూ మధ్యలో బెల్లం పేరు చేర్చి ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది. ప్రాణమున్న ప్రతిదీ ఆయన చేతి పని అని నేను నమ్ముతాను. ఆయన వింటాడని కూడా నమ్ముతాను. ఏ జవాబు ఇవ్వాలన్నది ఆయన ఇష్టం.

జూలై నెలాఖరుకు పదును వాన పడింది. కాయలు వలిచి విత్తారు. గంగన్న మూటల్లో ఒక్కటి కూడా చిల్లి పడలేదు. ఆ మాట అతనే వచ్చి చెప్పాడు. అయితే డాక్టరును మెచ్చుకోలేదు, పిల్లిని మెచ్చుకున్నాడు.

నెల తర్వాత చేసిన పరీక్షలో తల్లి పిల్లి గీత లేతబడింది. మూడు నెలలకు అసలు పడలేదు. నమ్మకం కోసం ఇంకో నెల ఆగి మళ్లీ చూశాను. లేదు. కుర్రవాటికి మొదటి నుంచీ లేదు. తలుపు తీశారు. తల్లి బయటికి వచ్చి పెరట్లో ఉన్న కుర్ర పిల్లులను వాసన చూసి, ఇద్దరినీ చెరొక దెబ్బ కొట్టింది.

బెల్లం గీత మాత్రం మొదటి రోజు ఎంత చిక్కగా ఉందో అంతే చిక్కగా ఉండిపోయింది. అయినా జ్వరం తగ్గింది, చిగుళ్లకు కొంత రంగు వచ్చింది. అది పంచలో వేరుగానే బతికింది. గంప తీసేసి, దానికి ఆ మూల రాసిచ్చినట్టు ఇచ్చేశారు. లక్ష్మక్క భర్త మందతో తిరిగి వచ్చాక దాన్ని ఒళ్లో పెట్టుకుని బీడీ కాలుస్తుంటే, పొగ దానికి మంచిది కాదని ఆమె తిట్టడం నేను విన్నాను. ఆయనకు మంచిదా కాదా అన్నది ఆమె అనలేదు. నెలకొకసారి టీకాల దారిలో ఆగి చూసేవాణ్ణి. మూడు సార్లు పడిపోయింది, మూడు సార్లూ లేచింది. కేస్ షీటులో నేను రాసిన "దయామరణం మేలు" మీద ఒకే గీత కొట్టి, కింద తేదీ వేసి సంతకం చేశాను. ప్రభుత్వ రికార్డులో తప్పును చెరిపేయకూడదు, చదవడానికి వీలుగా కొట్టివేయాలి. ఆ నియమం మంచిదని అప్పుడు అనిపించింది.

ఏడాదిన్నర గడిచాక ఒక పొద్దున లక్ష్మక్క ఫోను చేసింది. మూడు రోజులుగా బెల్లం నీళ్లు కూడా ముట్టలేదు. నేను వెళ్లేసరికి ఊపిరి కష్టంగా ఉంది, ఛాతీలో నీరు చేరింది. ఎండ మూల నుంచి కదలలేకపోయింది. స్టెతస్కోపు తీసి సంచిలో పెట్టాను.

"సారూ, ఆ కాగితం ఉండాదా?"

ఉంది. రిజిస్టరు వెనక అట్టలో, ఆమె మడిచిన మడతతోనే ఉంది. ఆమె మళ్లీ మొత్తం చదివి, అక్షరాలు గుండ్రంగా సంతకం చేసింది. పిల్లి తల ఆమె అరచేతిలో ఉండగా ఇంజెక్షను ఇచ్చాను. కష్టపడలేదు. "రెండు కోతలు చూసిపోయె, సాలు," అంది ఆమె. తర్వాత మాకు మజ్జిగ ఇచ్చింది, మాబూకు రెండు గ్లాసులు.

తర్వాత పదవీ విరమణ చేసేదాకా నా కేస్ షీట్లన్నింటి మీద, నిర్ధారణ అన్న గడి పక్కన, స్కేలుతో ఇంకో గడి గీసి "రెండో పరీక్ష తేదీ" అని రాసేవాణ్ణి. తనిఖీకి వచ్చిన అధికారి అది నమూనాలో లేదన్నారు. లేదని ఒప్పుకున్నాను, గీయడం మానలేదు.

ఆ కేసు నాకు నేర్పింది ఇంతే. మందను కాపాడటానికి ఒక జీవాన్ని తీసేయమని రాసే ముందు, మందలో మిగిలినవాటిని ఒక్కొక్కటిగా పట్టి చూడాలి. చూసినదాన్ని కొంత కాలం ఆగి మళ్లీ చూడాలి. ఆ తర్వాత కూడా పత్రం అవసరమైతే, అది ఏ రోజో దానికి తిండి పెట్టినవాళ్లే చెబుతారు.