పద్యం మధ్యలో ఆగిన లింగస్వామి

కోస్గికి ఆరు కిలోమీటర్ల దూరంలోని ఆ ఊరిలో, యాభై ఏళ్లు నిండేదాకా లింగస్వామిని అందరూ పిలిచిన పేరు ‘గిర్ని లింగడు’. పిండిగిర్నిలో జొన్నలు పట్టి పొట్ట పోసుకునేవాడు. తండ్రి నోట నేర్చిన పురాణ పద్యాలు మాత్రం వందలుగా కంఠస్థం. శనివారం సాయంత్రం ఆంజనేయుని గుడిలో భజన మండలి కూర్చున్నప్పుడు రాగం తీసి పద్యం చదివి అర్థం చెప్పేవాడు. వినేవారు పదిమంది; అందులో సగం కునికిపాట్లు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ఒక శనివారం, పద్యం రెండవ పాదంలో అతని గొంతు ఆగిపోయింది. చూపు గర్భగుడి గడప మీద నిలిచింది. ఏదో నములుతున్నట్లు పెదవులు కదిలాయి. కుడిచేయి ఉత్తరీయపు అంచును నలుపుతూ ఉంది. నిమిషం తరువాత తేరుకొని, “యాడిదాక చదివినం?” అన్నాడు.

“ఏమైంది లింగా?” అన్నాడు మండలి పెద్ద అమరేందర్.

“ఏమో పటేలా. జర ముందుగాల సాంబ్రాణి మాడిన వాసనొచ్చింది. గంతే ఎరుక.”

ఆనాడు గుడిలో ఎవరూ సాంబ్రాణి వేయలేదు. అమరేందర్ చేతులు జోడించాడు. “ఎయ్యని సాంబ్రాణి వాసనొచ్చిందంటే సామే వచ్చిండన్నట్టు!”

ఆ మాట పొలిమేర దాటింది. కోస్గి నుంచి ఆటోలలో జనం వచ్చారు. వారు పద్యం కోసం రాలేదు. పద్యం ఆగే క్షణం కోసం వచ్చారు. గిర్ని లింగడు లింగస్వామిగారయ్యాడు. పిండి తక్కువొచ్చిందని నిత్యం తగవులాడే సుక్కమ్మ సైతం అతని భార్య సాలమ్మ కాళ్లకు మొక్కి, “అక్కా, నీ జన్మ ధన్యమైంది” అన్నది. సాలమ్మకు ఆ మొక్కు తీయగానే ఉండింది. ఆ తీపి తరువాత ఆమెను జీవితమంతా కాల్చింది.

ఎందుకంటే, ఆమెకు నిజం తెలుసు. ఒకనాడు ఇంట్లో అన్నం ముద్ద చేతబట్టి అతడు అలాగే బిగుసుకుపోయాడు. వీధికుక్క వచ్చి పళ్లెం నాకి వెళ్లింది. అతనికి తెలియలేదు. మరొకనాడు తిరుగుతున్న గిర్ని బెల్టుకు జానెడు దూరంలో నిలబడి శూన్యంలోకి చూస్తున్నాడు. ఇది ఏ దైవం చేసే పని?

నాలుగేండ్లు గడిచాక ఒక మధ్యాహ్నం ఆరోగ్య ఉపకేంద్రంలోని నర్సు కరుణకు అంతా చెప్పింది.

“గిదొక తీరు మూర్ఛ సాలమ్మా,” అన్నది కరుణ. “కింద పడి కొట్టుకుంటెనే మూర్ఛ అనుకుంటరు మీరు. గట్ల కాదు. కండ్లు తెరిచి ఉండంగనే ఎరుక తప్పుతది. ఒక్కపారి వచ్చినా డాక్టరుకు చూపియ్యాలె. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని ఎన్క ఒకటొచ్చినా జాగు చెయ్యకుండ 108కు ఫోన్ కొట్టాలె. గిర్ని కాడికి, పొయ్యి కాడికి, బాయి కాడికి ఒక్కన్ని తోలకు.” పాలమూరు పెద్ద దవాఖానకు చిట్టీ రాసి ఇచ్చింది.

చిట్టీ చూసి లింగస్వామి మండిపడ్డాడు. “నా భక్తికి గోలీలు మింగిపిస్తవా?”

అప్పటికే గుడిలో లింగస్వామి పురాణ సప్తాహం మొదలైంది. దీక్షా కంకణం కట్టుకున్నవాడు ఏడు దినాలు ఊరి పొలిమేర దాటరాదు. “ఏడు దినాలాగితె పానం పోతదా సాలమ్మా?” అన్నాడు అమరేందర్. సాలమ్మ తల వంచి ఒప్పుకుంది. చిట్టీని బియ్యం డబ్బాలో దాచింది.

ఐదవనాటి హారతి వేళ అతని చూపు మళ్లీ నిలిచింది. పళ్లెం ఒరిగి, మండుతున్న కర్పూరం ఎడమ అరచేతిలో పడింది. అతడు చేయి తీయలేదు.

“సూడుండ్రి! నిప్పు గూడ అంటుతలేదు!” అమరేందర్ కేక వేశాడు. “గోవిందా!” అని జనమంతా అరిచారు. తాళాలు జోరందుకున్నాయి.

చర్మం కాలిన వాసన సాలమ్మకు అందింది. జనాన్ని తోసుకొని పోయి తీర్థపు చెంబు ఆ చేతిపై కుమ్మరించింది.

“ముట్టకు! మైలపడతది!” అమరేందర్ అడ్డొచ్చాడు.

“నా పెనిమిటి చెయ్యి కాలుతాంది పటేలా. మైల నీ కండ్లకున్నది.”

కంకణం తెంపి, ఆటోలో పడుకోబెట్టి, పొద్దు గుంకకముందే పొలిమేర దాటించింది.

పాలమూరు దవాఖానలో మొదట పుండుకు కట్టు కట్టారు. పిమ్మట నరాల డాక్టరు తలకు తీగలు పెట్టి పరీక్ష చేశాడు. మెదడులో ఒకచోట పుట్టే మూర్ఛ అని తేల్చాడు.

“ఎన్నేండ్ల సంది ఉన్నదమ్మా?”

“నాలుగేండ్లు సార్.”

“నాలుగేండ్లు ఏం చేసిన్రు?”

“మొక్కినం సార్.”

డాక్టరు కలం ఆగింది. మాత్రలు రాసిచ్చాడు. ఒక్కపూట కూడా మాత్ర మానరాదని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

ఎడమచేతి మూడువేళ్లు మడతపడి మరి విచ్చుకోలేదు. మాత్రలతో మూడునెలల్లో ఆ మూర్ఛలు నిలిచిపోయాయి. అతడు మళ్లీ గుడికి వెళ్లాడు. మొదటి పాదం నుంచి నాలుగవ పాదం దాకా తడబాటు లేకుండా చదివాడు. ఆ చదువులో ఇంతకుమునుపు లేని నిండుదనం ఉంది. వచ్చినవారు ఆగడం కోసం ఎదురుచూశారు. ఆగలేదు. రెండు శనివారాలు చూసి రావడం మానుకున్నారు. “గోలీలు మింగినంక సామి యాడుంటడు?” అని అమరేందర్ కల్వకుర్తి నుంచి వేరే పౌరాణికుణ్ణి పిలిపించాడు.

“నువ్వు నన్ను బతికియ్యలే,” అన్నాడు లింగస్వామి భార్యతో. “మళ్ల లింగన్ని చేసినవ్.”

ఆమె నీళ్ల లోటా, మాత్ర ముందు పెట్టింది.

తరువాతి శనివారం అతడు శ్రోతల వెనుక వరుసలో, స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. కొత్త పౌరాణికుడు పద్యం అందుకున్నాడు. నడుమ లింగస్వామి చూపు గడప మీద నిలిపి కదలక ఉండిపోయాడు. ఆడవారి వరుసలో ఉన్న సాలమ్మ ఉలిక్కిపడి లేవబోయింది. అంతలో అతని కంటిపాప మెల్లగా పక్కకు జరిగింది. ఎవరైనా తనను చూస్తున్నారేమోనని వెదికింది.

సాలమ్మ తప్ప ఎవరూ చూడలేదు. ఆమె తల తిప్పుకుంది.