వడగట్టిన నీళ్లు

చేపలు పట్టడం మానేశాక పెంటయ్యకు పాశమైలారం దాపున ఉన్న ఆ చెరువుతో మిగిలిన పని ఒక్కటే. నీళ్లు పరీక్ష చేసేవాళ్లు వచ్చినప్పుడల్లా థర్మకోల్ తెప్ప మీద లోపలికి పోయి సీసా నింపి తేవడం. తెప్ప ఎక్కేముందు ఇప్పటికీ నీళ్లు తాకి కళ్లకద్దుకుంటాడు. కాకపోతే ఆ వెంటనే చెయ్యి లుంగీకి తుడుచుకుంటాడు. ఒకప్పుడు దారినపోయేవాళ్లు గట్టు మీద ఆగి అతణ్ని మంచినీళ్లడిగేవారు. భుజం మీది తువ్వాలను చెంబు మూతికి కప్పి, వడగట్టి ఇచ్చేవాడు. వాళ్లు గటగటా తాగి, "సల్లగుండు" అని పోయేవారు.

మొన్న ల్యాబ్‌లో కొత్తగా చేరిన కృష్ణప్రియ తనూ తెప్ప ఎక్కింది. ఫ్యాక్టరీల కాలువ వచ్చి కలిసేచోట, నురగ పక్కన, పెంటయ్య అలవాటుగా సీసా మూతికి తువ్వాల కప్పాడు.

"అయ్యో, వడకట్టకండి తాతగారూ! మురికి ఎంతుందో చూడ్డానికే కదా ఈ నీళ్లు. ఇన్నాళ్లూ ఇలాగే ఇచ్చారా?"

"వడగట్టకుంట మనిషికి నీళ్లెట్లిస్త బిడ్డా?"

పెంటయ్య మెల్లగా తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. సీసాను ఉన్న నీళ్లతో ఉన్నట్టే నింపి, రెండు చేతులా అందించాడు.

"తప్పు వట్టకు బిడ్డా," అన్నాడు, తల ఎత్తకుండా.